తీర్థంలో స్టేజీ వద్దు, ఖాళీగా ఉన్న సినిమా హాలు ఇవ్వండి

ఏ తెలుగు బ్యాండు పోస్టర్ చూసినా పైన పెద్దక్షరాల్లో టూర్ అని ఉంటది, కింద ఊళ్ళ పేర్లు చూస్తే హైదరాబాద్, బెంగళూరు, మహా అయితే వైజాగ్, కాస్త స్పాన్సర్ దొరికితే డాలస్. రాజమండ్రి ఉండదు, భీమవరం ఉండదు, అమలాపురం అసలే ఉండదు. మా గోదారి జిల్లాలు వీళ్ళకి వీడియో షూటింగుకి పనికొస్తాయి, పడవ మీద గిటారు పట్టుకుని ఒక షాటు, కొబ్బరితోటలో డ్రోన్ షాటు, అయిపోయింది, మళ్ళీ సాయంత్రం ట్రైన్. పాట మాత్రం ఇక్కడ పాడరు. ఎందుకని అడిగితే అక్కడ వినేవాళ్ళు లేరండి అంటారు, ఉన్నా టిక్కెట్టు కొనరండి అంటారు. ఈ రెండో మాట గురించే నా గొడవంతా. టిక్కెట్టు పెట్టకపోవడం వల్లే ఇక్కడ బ్యాండనేది పుట్టట్లేదు, పుట్టినా సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా అయిపోతోంది అని నా వాదన.

ముందు టూర్ అంటే ఏంటో ఒక మాట చెప్పుకుందాం, ఎందుకంటే మనకి ఇప్పుడు కచేరీ అనగానే స్టేడియం గుర్తొస్తోంది. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే వాళ్ళు ముంబైలో మూడు రోజులు, అహ్మదాబాద్‌లో రెండు రోజులు వాయించారు, అహ్మదాబాద్‌లో ఒక్కో రోజు లక్ష మంది పైనే. మా వైపు నించి కూడా కుర్రాళ్ళు అప్పు చేసి మరీ వెళ్ళొచ్చారు, చేతికి కట్టిన లైట్లు, ఆకాశంలో కాగితాలు, అన్నీ స్టేటస్ పెట్టారు. బానే ఉంది, నాకేం ఏడుపు లేదు. కానీ అది జాతర. బ్యాండు తయారయ్యేది అక్కడ కాదు. తయారయ్యేది మూడొందల మంది పట్టే గదిలో, మొదటి వరసలో కూచున్నవాడు ఆవలిస్తే సింగర్‌కి కనపడే చోట.

బీటిల్స్ సంగతే చూడండి. 1960లో వీళ్ళు జర్మనీలో హాంబర్గ్ వెళ్ళేటప్పటికి వీళ్ళ సొంతూరు, ఇంగ్లాండులో ఉన్న లివర్‌పూల్లోనే వీళ్ళని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. అక్కడ ఇంద్రా అని ఒక చిన్న క్లబ్బు (పేరు చూసి మనోళ్ళదనుకోకండి), అందులో మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, శని ఆదివారాలు ఆరేసి గంటలు వాయించాలని ఒప్పందం. పడుకోడానికి ఇచ్చింది ఎక్కడో తెలుసా, బాంబీ కీనో అనే సినిమా హాల్లో తెర వెనకాల గది, పక్కనే మరుగుదొడ్లు. రాత్రంతా క్లబ్బులో వాయించి వచ్చి పడుకుంటే మధ్యాన్నం సినిమా డైలాగులకి మెలకువ వచ్చేదంట. ఆ తర్వాత లివర్‌పూల్లో కేవర్న్ అనే నేలమాళిగ క్లబ్బులో 1961 నించి 1963 దాకా దగ్గర దగ్గర మూడొందల సార్లు వాయించారు. అక్కడే బ్యాండయ్యారు. 1965లో న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల మంది ముందు నిలబడ్డప్పుడు మాత్రం వాళ్ళ పాట వాళ్ళకే వినపడలా, జనం కేకల కింద ఆ వంద వాట్ల యాంప్లిఫయర్లు ఏమూలకి సరిపోతాయి, తర్వాతి ఏడాది ఆగస్టుకల్లా టూర్లే మానేశారు. రోలింగ్ స్టోన్స్ లాంటి ముసలి సింహాలు కూడా 2002 టూర్లో స్టేడియాలతో పాటు కావాలని థియేటర్లు, చిన్న క్లబ్బులు కూడా పెట్టుకున్నారు. డబ్బులు చాలక కాదు కదా.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. హైదరాబాద్‌లో బ్యాండ్లకి దొరికేది పబ్బు. అక్కడ వ్యాపారమంతా టేబుల్ మీద బిల్లుది, బ్యాండు పని ఆ బిల్లు పెరిగేలా జనాన్ని కూచోబెట్టడం, అందుకని తెలుగు నైట్ అని పెట్టి సినిమా పాటలే కాస్త గిటారు గట్టిగా కొట్టి పాడిస్తారు. సొంత పాట ఒకటో రెండో, అది కూడా జనం చికెన్ తింటున్న టైములో. మన జిల్లాల్లో అదీ లేదు. మన క్లబ్బుల్లో పేక బల్లలు ఉంటాయి గానీ స్టేజీ ఉండదు, బార్లో టీవీ ఉంటది, క్రికెట్ లేకపోతే పాత పాటలు. కాబట్టి ఇక్కడ బ్యాండుకి మిగిలిన చోటల్లా ఒకటే, తీర్థం. అమ్మవారి జాతర, వినాయక చవితి పందిరి, సంక్రాంతి సంబరాలు, లేకపోతే ఎవరిదో పెళ్ళి రిసెప్షన్.

తీర్థం స్టేజీ ఎలా ఉంటదో నాకు బాగా తెలుసు, ఎందుకంటే డిగ్రీ చదివే రోజుల్లో మా బాబాయి సౌండ్ సెట్‌తో పాటు పాలకొల్లు చుట్టుపక్కలంతా తిరిగాను, వైర్లు చుట్టడం, మైకు హలో హలో చెక్ చేయడం, జనరేటర్లో డీజిల్ చూసుకోవడం నా డ్యూటీ. ఒకసారి ఒక ఊళ్ళో కమిటీ వాళ్ళు కొత్తగా ఉంటదని ఆర్కెస్ట్రా బదులు నలుగురు కుర్రాళ్ళ బ్యాండుని పిలిచారు. కుర్రాళ్ళు బాగా రెడీ అయ్యొచ్చారు, డ్రమ్స్ జారిపోకుండా కింద గోతాం పరిచాం, గిటారు సౌండు కూడా బానే కుదిరింది. రెండు సినిమా పాటలు పాడి, మూడోది మేం రాసుకున్నదండి అని మొదలెట్టారు. పల్లవి అయ్యేలోగా స్టేజీ పక్క నించి ఒక చీటీ వచ్చింది, అయిదొందల నోటుకి పిన్ను కొట్టి, దాని మీద ఒక హీరో పాట పేరు. సింగర్ చూసి జేబులో పెట్టుకుని పాడతానే ఉన్నాడు. ఇంకో చీటీ వచ్చింది. ఈసారి ఎనౌన్సర్ తిన్నగా మైకు తీసుకుని, పాట మధ్యలోనే, "ఫలానా వారు కళాకారులను ప్రోత్సహిస్తూ 516 రూపాయలు చదివించి ఉన్నారు, వారి కోరిక మేరకు..." అన్నాడు. అంతే. డ్రమ్మర్ ఆపేశాడు, వాళ్ళ పాట గాల్లో సగంలో ఉండిపోయింది, మిగతా రెండు గంటలూ హీరోల పాటలే. కిందకి దిగాక కమిటీ ఆయన భుజం తట్టి, "బాగా పాడేరు బాబూ, ఆ మూడోదొక్కటే కొంచెం ఇదయ్యింది" అన్నాడు.

ఆయన్ని తిట్టడానికి ఈ మాట చెప్పట్లేదు. ఆయన వైపు న్యాయం ఉంది. ఊరంతా చందాలు వేసుకుని పెట్టిన ప్రోగ్రాం అది, ముసలమ్మ దగ్గర్నించి చంటిపిల్లాడి దాకా అందరికీ నచ్చాలి, రాజకీయ నాయకుడు వచ్చి దండ వేయించుకోవాలి, మధ్యలో లక్కీ డ్రా తీయాలి. అక్కడ డబ్బు పెట్టినవాడు కమిటీ, కాబట్టి పాట ఏదో చెప్పే హక్కు కమిటీది. పబ్బులో డబ్బు పెట్టేది బిల్లు, కాబట్టి హక్కు మేనేజర్‌ది. పెళ్ళిలో పెళ్ళికొడుకు తండ్రిది. మరి బ్యాండుకి తన పాట పాడే హక్కు ఎక్కడ నించి వస్తది అంటే, అదిగో ఆ పాట వినడానికే ఒకడు రెండొందల యాభై జేబులోంచి తీసి కౌంటర్లో పెట్టాడు చూడండి, అక్కడ నించి. ఫ్రీ ప్రోగ్రాముల్లో జనం ఎక్కువ రావచ్చు గానీ వినడానికి వచ్చినవాడు ఎవడో, జీళ్ళు కొనుక్కోడానికి వచ్చినవాడు ఎవడో బ్యాండుకి ఎలా తెలుస్తది?

ఇక్కడోళ్ళు టిక్కెట్టు కొనరండీ అనేవాళ్ళకి నా జవాబు, మీకు మీ తాతల సంగతి తెలీదు. ఊరూరా తిరిగి హాల్లో కళ చూపించి టిక్కెట్టు డబ్బులతో బతకడం అనేది ఇంగ్లీషోళ్ళు కనిపెట్టిందేం కాదు. 1880ల్లో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు వచ్చి మన కోస్తా ఊళ్ళలో నాటకాలాడితే ఇక్కడోళ్ళకి పిచ్చెక్కిపోయింది, రాజమండ్రిలో చిలకమర్తి వారు నాటకాలు రాయడం, టంగుటూరి ప్రకాశం గారు కుర్రతనంలో వేషాలు కట్టడం అంతా ఆ ఊపులోదే. కడప జిల్లాలో 1885లో మొదలైన సురభి వాళ్ళు పిల్లా జెల్లాతో, తెరలూ మాయలూ బళ్ళకెత్తుకుని తిరిగారు, ఒక ఊళ్ళో హాలు వేస్తే నెలల తరబడి ఆడేవారు, అంతా టిక్కెట్టే. తర్వాత కాంట్రాక్టు నాటకాలు. ఒక్కో పాత్రకి ఒక్కో స్టారుని మాట్లాడి, రాత్రి తొమ్మిదికి మొదలెడితే తెల్లారేదాకా, మన ఏండగండి దివాకర్ల వారూ కడియం చెళ్ళపిళ్ళ వారూ, అంటే తిరుపతి వేంకట కవులు, కలిసి రాసిన పద్యాలు. నటుడు పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడి వేషంలో రాగం తీస్తే కింద నించి వన్స్ మోర్, మళ్ళీ వన్స్ మోర్. కథ అక్కడే ఆగిపోయి ఉంటది, రాయబారం ఎంత సేపు లేటయినా పర్లేదు, పద్యం మళ్ళీ పడాల్సిందే. గిటారిస్టు సోలో ఎత్తుకున్నప్పుడు జనం ఊగిపోవడానికీ దీనికీ తేడా ఏంటో నాకైతే కనపళ్ళేదు.

కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఉండేది, ఎస్వీ రంగారావు, రేలంగి, అంజలీదేవి, ఆదినారాయణరావు అంతా సినిమాల్లోకి వెళ్ళకముందు అక్కడ నాటకాలాడినవాళ్ళే. అది వీళ్ళ హాంబర్గ్ అన్నమాట. రేలంగి గారైతే సంపాదించిన డబ్బులు పట్టుకొచ్చి తాడేపల్లిగూడెంలో సినిమా హాలే కట్టారు.

ఆ సినిమా హాళ్ళ దగ్గరికే వస్తున్నా. మా జిల్లాల్లో ప్రతి ఊళ్ళో ఒకటో రెండో సింగిల్ స్క్రీన్లు మూతపడి ఉన్నాయి, కొన్ని కల్యాణ మండపాలయ్యాయి, కొన్ని గోడౌన్లు. ఆడుతున్నవి కూడా పెద్ద సినిమా లేని వారాల్లో ఫ్యాన్ తిప్పిన కరెంటు డబ్బులు కూడా రాక మధ్యాన్నం ఆట ఎత్తేస్తున్నారు. ఇలాంటి హాలు బ్యాండుకి ఎంత బాగా పనికొస్తదో సౌండు పని చేసినవాడికి తెలుస్తది. కల్యాణ మండపంలో చప్పట్లు కొట్టి చూడండి, నున్నటి టైల్స్, బోసి గోడలు, ఆ చప్పుడు అటూ ఇటూ తగిలి తిరుగుతానే ఉంటది, అందులో డ్రమ్స్ వాయిస్తే సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాదు. సినిమా హాల్లో గోడలకి చిల్లుల చెక్కలు, మందపాటి తెర, మెత్తటి సీట్లు, శబ్దాన్ని పీల్చేస్తాయి. నేల వాలుగా ఉంటది కాబట్టి వెనక వాడికి ముందువాడి తలకాయ అడ్డం రాదు. పాత హాళ్ళలో తెర ముందు కాస్త అరుగు కూడా ఉంటది, ఫంక్షన్లకి వాడేవారు. బాల్కనీ కింద వెనక వరసల్లో మాత్రం బాస్ గుడగుడమంటది, అక్కడ టిక్కెట్లు అమ్మకపోతే సరి.

ఇంకోటి ఎర్తింగు. ఇది నవ్వులాటగా ఉంటది గానీ ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నవాడికి ప్రాణాల మీదకొచ్చే సంగతి. పందిట్లో కరెంటు ఎక్కడో స్తంభం నించి లాగుతారు, ఎర్తు సరిగా ఉండదు, గిటారు తీగ మీద చెయ్యేసి మైకుకి పెదవి ఆనిస్తే చురుక్కుమని షాక్. అది కాకపోయినా కచేరీ అంతా కందిరీగల మోత లాగా హమ్. ఇనప రాడ్డు పాతి ఉప్పు, బొగ్గు వేసి బకెట్ నీళ్ళు పోస్తే కాస్త తగ్గేది, మా బాబాయి ఎక్కడికెళ్ళినా ముందు అదే చేయించేవాడు. సినిమా హాలుకి లైసెన్సు రావాలంటే కరెంటు వైరింగు, ఫైరు అన్నీ ఇన్‌స్పెక్షన్ అయ్యుండాలి, సొంత జనరేటర్ ఉంటది. వాన్ హేలెన్ అనే అమెరికన్ బ్యాండు వాళ్ళు టూర్ ఒప్పందం కాయితంలో, మాకు పెట్టే ఎం అండ్ ఎం చాక్లెట్లలో గోధుమ రంగువి ఏరి పారేయాలని రాసేవాళ్ళంట, అందరూ బలుపు అనుకున్నారు గానీ అసలు సంగతి వేరు, ఆ గిన్నెలో గోధుమ రంగు బిళ్ళ కనపడిందంటే అక్కడివాళ్ళు కాయితం పూర్తిగా చదవలేదన్నట్టు, అప్పుడు స్టేజీ బరువు, వైరింగు అన్నీ మళ్ళీ మొదటి నించి చూసుకునేవాళ్ళు. మన బ్యాండ్లు కూడా చాక్లెట్లు వదిలేసి ఎర్తింగు, స్టేజీ కొలత, ఎన్ని ప్లగ్గులు కావాలి అని ఒక కాయితం ముందే పంపితే సగం గొడవలు ఉండవు.

రూల్సు కూడా హాలు వైపే ఉన్నాయండోయ్. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నించి పొద్దున్న ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదు, ఆడిటోరియం లాంటి నాలుగు గోడల లోపలి చోట్లకి మినహాయింపు. ప్రభుత్వం పండగలకి పన్నెండు దాకా సడలించొచ్చు, అది కూడా ఏడాది మొత్తం మీద 15 రోజులకి మించకుండా. అంటే తీర్థంలో బ్యాండుకి టైము నాయకుల ప్రసంగాలయ్యాక తొమ్మిదిన్నరకి ఇస్తారు, పదింటికి ఎస్సై గారి ఫోను. హాల్లో ఆ బాధ లేదు, పక్కింటివాళ్ళకి వినపడకుండా చూసుకోవాలి, పోలీసు పర్మిషన్ ముందే తెచ్చుకోవాలి, అంతే. ఇంకో మంచి మాట, కచేరీ టిక్కెట్టు 500 దాటకపోతే జీఎస్టీ లేదు. సినిమా టిక్కెట్టు మీద ఉంది, దీని మీద లేదు! ఈ సంగతి చెబితే నాకు తెలిసిన హాలు ఓనరు గారు కూడా నమ్మలేదు.

ఆయనతో మాటలు ఇలా జరిగాయి. "రాజుగారూ, సినిమా లేని మంగళవారం సాయంత్రం హాలు ఇస్తారాండి, బ్యాండు ప్రోగ్రాం" అంటే, "ఇత్తాం గానీ బాబూ, కుర్రోళ్ళు సీట్లెక్కి గెంతితే ఆ రెక్సిన్ ఎవడు కుట్టిత్తాడు?" అన్నారు. "మరి హీరో సినిమా రిలీజుకి ఎక్కి గెంతట్లేదాండి, తెర దగ్గర టపాసులు కూడా కాలుస్తున్నారు కదా." ఆయన నవ్వేసి, "ఆళ్ళు మన పిల్లలేలే, పైగా ఆ వారం అదాటున డబ్బులొత్తాయి" అన్నారు. అంటే అసలు భయం సీట్ల గురించి కాదు, రాబడి గురించి. సరే లెక్క వేద్దాం. ఆరొందల సీట్ల హాల్లో సగమే నిండాయనుకోండి, మూడొందల మంది, మనిషికి 250, మొత్తం 75 వేలు. హాలు అద్దె, సౌండు, లైట్లు, వ్యాను, లాడ్జి, భోజనాలు తీసేస్తే ఒక్క ఊరికైతే బ్యాండు మెంబర్లకి చేతిలో పెద్దగా మిగలదు, నిజమే. కానీ టూర్ అనేది ఒక్క ఊరు కాదుగా. సౌండు, వ్యాను వారానికి మాట్లాడుకుంటే రోజుకి పడే ఖర్చు బాగా తగ్గుద్ది, హాలుకి అద్దె బదులు వాటా ఇస్తానంటే ఓనర్ కూడా సమోసాల అమ్మకం లెక్కేసుకుని దిగొస్తాడు.

మరి ఏం పాడాలి? మొత్తం సొంత పాటలే పాడి జనాన్ని హింసించమని నేననట్లేదు. హాంబర్గ్‌లో బీటిల్స్ వాయించినవి కూడా ఎక్కువ ఇతరుల పాటలే, ఆరు గంటలు నింపాలంటే తప్పదు. మొదట్లో తెలిసినవి నాలుగు పాడండి, తప్పేం లేదు, కాకపోతే చీటీకి లొంగి పాడ్డం వేరు, మీరు ఎంచుకుని పాడ్డం వేరు. సినిమాది కాని పాట ఇక్కడ ఎక్కదంటే నేను ఒప్పుకోను, చౌరస్తా బ్యాండు వాళ్ళ ‘ఊరెళ్ళిపోతా మామా’ మా పాలకొల్లు ఆటోల్లో విన్నాను నేను. మోత ఎక్కువైతే జనం భయపడతారంటారా, కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోటలో ప్రభలు వస్తుంటే తాషాలు వాయిస్తారు, ఒక్కసారి ఆ పక్కన నిలబడి చూడండి, మీ డబుల్ బాస్ డ్రమ్ము మాకు జోలపాట. ఒక్కటి మాత్రం దండం పెట్టి చెప్తున్నా, తెలుగు తెలుగులా పాడండి. నోట్లో వేడి బజ్జీ పెట్టుకున్నట్టు ఆ యాస దేనికి? పద్యం విన్న చెవులివి, మాట తెలియకపోతే ఇక్కడ ముందు వరసలోనే గొణుగుడు మొదలవుద్ది.

రూటు కూడా చెప్పేస్తా, ఎవరన్నా బ్యాండు వాళ్ళు చదువుతుంటే. తాడేపల్లిగూడెంలో మొదలెట్టండి, తణుకు, భీమవరం (కాలేజీలు ఎక్కువ, అక్కడ రెండు రోజులు పెట్టుకున్నా నిండుద్ది), పాలకొల్లు, అక్కడ నించి చించినాడ బ్రిడ్జి దాటి రాజోలు మీదుగా అమలాపురం, ఎదుర్లంక బ్రిడ్జి ఎక్కి యానాం దాటితే కాకినాడ, ఆఖర్న రాజమండ్రిలో ముగించి ట్రైనెక్కేయొచ్చు. ఎక్కడ నించి ఎక్కడికైనా గంట, మహా అయితే రెండు గంటలు, అమెరికా బ్యాండ్లు ఒక ఊరి నించి ఇంకో ఊరికి రాత్రంతా వ్యాను తోలతారు, వాళ్ళు ఈ మ్యాపు చూస్తే ఏడుస్తారు.

టైము మాత్రం సంక్రాంతి వద్దే వద్దు. అప్పుడు హాళ్ళన్నీ పెద్ద సినిమాలవి, జనమంతా కోడిపందాల బరుల్లో, లాడ్జీల్లో రూము కూడా దొరకదు. మాఘం, ఫాల్గుణం పెళ్ళిళ్ళు, సౌండ్ సెట్లు దొరకవు. ఎండాకాలం ఏసీ లేని హాల్లో డ్రమ్మర్ చచ్చిపోతాడు. నన్నడిగితే ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి సౌండు వాళ్ళు ఖాళీ, సగం రేటుకి వస్తారు, హాళ్ళలో చెప్పుకోదగ్గ సినిమా ఉండదు, కాలేజీలు తెరుస్తారు, రైతులు ఊడ్పుల్లో ఉన్నా ఏడింటి ఆటకి వాళ్ళ పిల్లలు వస్తారు. వానకి గిటారు తీగలు తుప్పు పడతాయి, అంచేత తీగలు ఎక్స్‌ట్రా సెట్టు ఒకటి పెట్టుకోండి. మంగళ బుధ గురువారాల్లో పెట్టండి, శుక్రవారం కొత్త సినిమా పడుద్ది కాబట్టి ఎంత పరిచయమున్నా రాజుగారు హాలు ఇవ్వరు.